బిగిసిన దవడకు చేతి వైద్యం

చెవికి ముందు, దవడ కదిలే చోట నొప్పి పుట్టినప్పుడు అక్కడ ఎముక అరిగిందా, కీలు జారిందా అన్న సందేహం ఎవరికైనా మొదట కలుగుతుంది. లోపం కీలులోనే ఉంటే పైనుంచి చెంప నిమిరినా, కణతలు పిసికినా ప్రయోజనం ఏముంటుందన్నది దాని వెంటే వచ్చే మరో ప్రశ్న. ఆవలించినప్పుడు కలుక్కుమని, జొన్నరొట్టె నమిలితే చెంప సలిపి, పొద్దున లేచేసరికి కణతలు బరువెక్కి బాధపడేవారు ఈ రెండు ప్రశ్నలతోనే వైద్యుల దగ్గరకు వెళతారు. అమెరికాలోని జాతీయ దంత, కపాల-ముఖ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం జనాభాలో 5 నుంచి 12 శాతం మందికి ఈ తరహా బాధ ఉంటుంది. పురుషులకంటే స్త్రీలలో, వృద్ధులకంటే నడివయసు లోపువారిలో ఇది ఎక్కువ. ఆ రెండో ప్రశ్నకు జవాబు తెలియాలంటే మొదటి ప్రశ్నలో దాగి ఉన్న ఊహను, అంటే నొప్పి తెలిసే చోటే నొప్పి పుడుతుందన్న ఊహను, కాస్త పక్కన పెట్టి దవడ నిర్మాణాన్ని చూడవలసి ఉంటుంది.

రెండు కీళ్లు, ఒకే ఎముక

చెవి రంధ్రానికి ముందు చిన్న మొనలా పొడుచుకొచ్చిన భాగం ఒకటుంటుంది. దానికి అంగుళంలో సగం ముందు చూపుడువేలి కొనను ఆనించి నోటిని నెమ్మదిగా తెరిస్తే, వేలి కింద గుండ్రని బుడిపె ఒకటి మొదట ఉన్నచోటే తిరిగి, తరువాత ముందుకు జారి, అది ఖాళీ చేసిన చోట చిన్న గుంట పడడం స్పష్టంగా తెలుస్తుంది. ఆ బుడిపె కింది దవడ ఎముక పైకొన. అది కూర్చునే పళ్లెం కణత ఎముక అడుగున ఉంది. ఈ రెండింటి మధ్య కూడలినే దవడ కీలు అంటారు. వైద్యులు టెంపొరోమాండిబ్యులర్ జాయింట్ అనీ, పొడి అక్షరాల్లో టీఎంజే అనీ రాస్తారు.

మోచేయి వంటి కీలు మడత పడుతుంది, అంతకుమించి చోటు మారదు. దవడ కీలు మాత్రం నోరు తెరుచుకునే క్రమంలో తొలి సగం దూరం మడత పడి, మలి సగం దూరం తన గుంట వదిలి ముందున్న గట్టు మీదికి జారుతుంది. ఈ రెండు రకాల కదలికలకూ వీలుగా బుడిపెకూ పళ్లేనికీ నడుమ పీచులాంటి గట్టి కణజాలంతో చేసిన పలుచని బిళ్ల ఒకటి ఉండి, కీలును రెండు అంతస్తులుగా విడదీస్తుంది. కింది అంతస్తులో తిరగడం, పై అంతస్తులో జారడం జరుగుతాయి. కింది దవడ ఒకే ఎముక కావడంతో కుడి కీలు కదిలితే ఎడమ కీలు ఊరుకోలేదు. ఒక పక్క పంటి నొప్పి వల్ల నెలల తరబడి రెండో పక్కనే నమిలేవారికి ఏ వైపు కీలు ముందు మొరాయిస్తుందో చెప్పడం కష్టం కావడానికి కారణం ఇదే.

పెద్దవారిలో ముందరి పళ్ల అంచుల మధ్య నోరు సాధారణంగా 40 మిల్లీమీటర్లకు పైగా తెరుచుకుంటుంది. ఎవరి చేతి మూడు వేళ్లు వారి నోట్లో నిలువుగా పడితే చాలునన్న పాత లెక్క ఇంటిదగ్గర చూసుకోవడానికి సరిపోతుంది. బిళ్ల కాస్త ముందుకు తప్పుకున్నవారిలో నోరు తెరిచేటప్పుడు బుడిపె దాని అంచు దాటి మళ్లీ దాని కిందికి చేరుతుంది; ఆ దాటే క్షణంలోనే టక్కుమన్న చప్పుడు వినిపిస్తుంది. చాలామంది ఈ చప్పుడుకే భయపడి చికిత్స కోసం తిరుగుతారు. నొప్పి లేకుండా, నోరు అడ్డం పడకుండా ఉన్న చప్పుడు ఎంతో మందిలో ఏళ్ల తరబడి ఎలా ఉన్నది అలాగే ఉండిపోతుందనీ, దానికి వైద్యం అక్కరలేదనీ వారికి మొదటిరోజే గట్టిగా చెప్పగలిగితే సగం ఆందోళన అక్కడే తీరుతుంది.

నొప్పి పుట్టే చోటు, తెలిసే చోటు

దవడను మూసే పని ముఖ్యంగా మూడు జతల కండరాలది. చెంప ఎముక నుంచి కింది దవడ మూల వరకు దిగే మందపాటి కండరం మొదటిది. దీనిని నమిలే కండరం అనవచ్చు, వైద్యుల మాటలో మాసెటర్. తల పక్కన విసనకర్రలా పరుచుకుని, చెంప ఎముక వెనుకగా దిగి దవడకు అంటుకునేది కణత కండరం, టెంపొరాలిస్. దవడ లోపలి వైపు, బయటికి కనబడకుండా నమిలే కండరానికి జోడుగా ఉండేది మూడోది. ఇక లోపలే ఇంకొకటి, కీలుకు ముందు వైపు పుట్టి, కీలు దగ్గర అంటుకుని, బుడిపెను ముందుకు లాగే చిన్న కండరం ఉంది. వీటన్నిటినీ నడిపేది ముఖానికి స్పర్శనిచ్చే త్రిధార నాడి, అంటే ట్రైజెమినల్ నెర్వ్, మూడో కొమ్మ.

ఈ కండరాలు బలహీనమైనవి కావు. రోజుకు మూడు పూటలా నమిలినా అలసిపోవు. వాటిని దెబ్బతీసేది నమలడం కాదు, నమలనప్పుడు కూడా పళ్లు బిగించి ఉంచడం. నీళ్లు నిండిన బకెట్‌ను బావి గట్టు నుంచి గడప దాకా పదిసార్లు మోసినవారికి చేయి అలుస్తుందే తప్ప రాత్రి నిద్ర పట్టనంత నొప్పి రాదు; అదే బకెట్‌ను సగం నీళ్లతోనే అయినా కదలకుండా చేత్తో పట్టుకుని గంటసేపు నిలబడితే ముంజేయి మండుతుంది, వేళ్లు విప్పుకోవు, మరునాడు చేయెత్తడమే కష్టమవుతుంది. బిగుసుకుని ఉన్న కండరంలో రక్తం ధారాళంగా పారదు. సడలితేనే కొత్త రక్తం వచ్చి, పేరుకున్న వ్యర్థాలు పోతాయి. మోసేటప్పుడు బరువు దించిన ప్రతిసారీ చేతికి దొరికే ఈ సడలింపు, పట్టుకుని నిలబడ్డప్పుడు దొరకదు.

విశ్రాంతిగా ఉన్న దవడలో పైపళ్లకూ కింది పళ్లకూ మధ్య రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల ఎడం ఉండాలి. తినడం, మింగడం అన్నీ కలిపినా రోజు మొత్తంలో పళ్లు ఒకదానికొకటి తగిలే సమయం 20 నిమిషాలకు అటూ ఇటూ మాత్రమేనని దంతవైద్యుల అంచనా. పరీక్షకు చదివేవారు, కంప్యూటర్ ముందు లెక్కలు చూసేవారు, ట్రాఫిక్‌లో బండి నడిపేవారు, కోపాన్నీ దుఃఖాన్నీ పంటి బిగువున అణచుకునేవారు ఈ 20 నిమిషాలను తమకు తెలియకుండానే గంటలుగా పెంచుకుంటారు. నిద్రలో పళ్లు కొరికే అలవాటును ఇంట్లోవారు విని చెబుతారు గానీ, పగటి బిగింపు చప్పుడు చేయదు కాబట్టి దానిని ఎవరూ పట్టించుకోరు. నాలుక అంచుల మీద పళ్ల గుర్తులు, చెంప లోపల తెల్లని గీత ఉంటే ఈ అలవాటు ఉందేమోనని అనుమానించవచ్చు.

కండరంలో పుట్టిన నొప్పి కండరంలోనే తెలియకపోవడం ఈ రోగాన్ని మరింత జటిలం చేస్తుంది. నమిలే కండరంలో ఒక చోట గట్టిపడి నొక్కితే సలిపే ముడిలాంటి భాగం ఏర్పడినప్పుడు దాని బాధ వెనుక దవడపళ్లలోనో, చెవి లోపలో ఉన్నట్టు అనిపిస్తుంది. కణత కండరం బాధ పైపళ్లలోను, తలనొప్పిగాను తెలుస్తుంది. మెదడు కాండంలో త్రిధార నాడి వార్తలు చేరే కేంద్రంలో పంటి నుంచి, చెవి పరిసరాల నుంచి, కండరం నుంచి, చివరికి మెడ పైభాగం నుంచి వచ్చే నాడులు కూడా దగ్గర దగ్గరగా, కొన్నిచోట్ల ఒకే కణం మీద ముగుస్తాయి కాబట్టి వార్త ఏ ఊరి నుంచి వచ్చిందన్న విషయంలో మెదడు పొరబడుతుంది. 1938లో లండన్‌లో జాన్ కెల్‌గ్రెన్ అనే వైద్యుడు ఆరోగ్యవంతుల కండరాల్లోకి కాస్త గాఢమైన ఉప్పునీరు ఎక్కించి, నొప్పి సూది గుచ్చిన చోటికి దూరంగా తెలియడాన్ని ప్రయోగపూర్వకంగా చూపాడు. ఈ సంగతి తెలియక మంచి పళ్లకు రూట్ కెనాల్ చేయించుకున్నవారు, చెవిలో చుక్కలు వేసుకుంటూ కాలం గడిపినవారు తక్కువేమీ కాదు. అనుమానం ఉన్న పంటికి మత్తు సూది ఇచ్చినా నొప్పి అలాగే ఉంటే దాని మూలం వేరే చోట ఉందని గ్రహించడం జాగ్రత్తగల దంతవైద్యుల పద్ధతి.

వైద్యశాస్త్రం కూడా ఈ విషయంలో చాలాకాలం పొరబడింది. 1934లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరానికి చెందిన చెవి, ముక్కు, గొంతు వైద్యుడు జేమ్స్ కాస్టెన్, వెనుక పళ్లు పోయినవారిలో దవడ ఎక్కువగా మూసుకుని, కీలు వెనుకనున్న నాడులను నొక్కడమే చెవి పోటుకూ తలనొప్పికీ కారణమని రాశాడు. ఆ నాడులు అలా నలిగే అవకాశం లేదని శరీరనిర్మాణ శాస్త్రజ్ఞులు తరువాత తేల్చినా, తప్పంతా పళ్ల అమరికదే, కీలుదే అన్న నమ్మకం మాత్రం దశాబ్దాలు నిలిచింది. పళ్లను అరగదీశారు, కీళ్లను కోశారు. 1969లో డేనియల్ లాస్కిన్ ఈ బాధ చాలామందిలో కండరాలదేనని, మానసిక ఒత్తిడికీ దానికీ సంబంధం ఉందని వాదించిన తరువాత గాలి మళ్లడం మొదలైంది. అయినా 1980లలో అమెరికాలో వేలమందికి కీలులోని బిళ్ల తీసేసి టెఫ్లాన్ పూతగల కృత్రిమ బిళ్లలు అమర్చారు. అవి లోపల తునకలై చుట్టూ ఉన్న ఎముకను తినేయడంతో 1990-91లో అక్కడి ప్రభుత్వం వాటిని వెనక్కి రప్పించింది. అప్పటికే ఎముక పోగొట్టుకున్నవారికి ఆ నష్టం జీవితకాలం మిగిలింది. దవడ నొప్పికి తిరిగి సరిదిద్దుకోలేని చికిత్స కంటే ముందు చేయి, మాట, అలవాటు అనే మూడింటినీ ప్రయత్నించాలని ఇప్పటి వైద్యులు పట్టుబట్టడం వెనుక ఈ చేదు చరిత్ర ఉంది.

నొక్కినప్పుడు లోపల జరిగేది

మర్దన కండరంలోని ముడిని విరగ్గొడుతుందని, గట్టిగా నొక్కేకొద్దీ త్వరగా కరిగిపోతుందని చాలామంది అనుకుంటారు. ఈ అభిప్రాయం వల్ల మేలుకంటే కీడే ఎక్కువ జరుగుతోంది. జేనెట్ ట్రావెల్, డేవిడ్ సైమన్స్ అనే అమెరికన్ వైద్యులు 1983లో వెలువరించిన గ్రంథంతో ట్రిగ్గర్ పాయింట్ అన్న మాట ప్రపంచమంతా వ్యాపించింది. నొక్కితే సలిపి, నొప్పిని దూరానికి పంపే ఆ బిందువులు ఉన్నాయన్నది రోగుల అనుభవం. వాటి లోపల సరిగ్గా ఏమి మారిందన్నదే పరిశోధకుల మధ్య ఇంకా తేలని వాదం. అలా తేలని దానిని బలప్రయోగంతో విరగ్గొట్టాలనుకోవడం తొందరపాటు.

తేలిన సంగతులు వేరే ఉన్నాయి. తాకిడిని, ఒత్తిడిని మోసే నాడీతంతువులు లావైనవి. వాటిలో వార్త సెకనుకు 30 మీటర్లకు పైగా పరుగెడుతుంది. సలుపులాంటి మొండి నొప్పిని మోసే సన్నని తంతువుల్లో అది సెకనుకు సుమారు ఒక మీటరు మాత్రమే నడుస్తుంది. రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ 1965లో ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం వెన్నుపాములోనూ దాని పైభాగంలోనూ నొప్పి దాటవలసిన ద్వారం ఒకటి ఉంటుంది. తాకిడి వార్తలు దండిగా వస్తే అది కొంత మూసుకుంటుంది. దెబ్బ తగిలిన మోకాలిని పిల్లలు ఎవరూ నేర్పకుండానే రుద్దుకోవడం ఇందుకే. ఆ సిద్ధాంతంలోని వివరాలు తరువాత చాలా మారినా, తాకిడి నొప్పిని తగ్గించగలదన్న మూలసూత్రం నిలిచింది.

రెండో మార్గం పైనుంచి కిందికి నడుస్తుంది. ప్రమాదం లేదని మెదడు నమ్మినప్పుడు నొప్పి వార్తలను అణిచే సంకేతాలను అదే కిందికి పంపుతుంది. నోరు తెరిస్తే ఏదో తెగిపోతుందని భయపడే మనిషిలో దీనికి పూర్తిగా విరుద్ధమైన స్థితి ఉండి, మామూలు తాకిడి కూడా నొప్పిగా తెలుస్తుంది. నెమ్మదిగా, ఒకే లయలో, ఎక్కడ ఆగాలో రోగి చెప్పే వీలుతో సాగే మర్దన ఈ భయాన్ని సడలిస్తుంది. మూడోది, నొప్పి తగ్గిన ఆ కాసేపట్లో దవడ నొప్పిలేకుండా కదలగలదన్న సంగతి నాడీమండలానికి మళ్లీ పరిచయమవుతుంది. మర్దన చేసే అసలు మేలు బహుశా ఈ మూడోదే: కాసేపు నిలిచే ఒక సడలింపును ఇస్తుంది, ఆ వ్యవధిలో దవడకు కొత్త నడక నేర్పవచ్చు. నేర్పకుండా వదిలేస్తే బిగువు సాయంత్రానికి తిరిగి వస్తుంది.

చేయి ఎక్కడ, బరువు ఎంత

దవడ నొప్పిని నిర్ధారించే వైద్యులు వేలి ఒత్తిడిని కొలిచి వాడతారు. 2014లో వెలువడిన అంతర్జాతీయ పరీక్షా ప్రమాణాల ప్రకారం నమిలే కండరం మీద, కణత కండరం మీద ఒక కిలో బరువుకు సమానమైన ఒత్తిడితో, కీలు అంచు మీద అందులో సగంతో నొక్కి చూస్తారు. ఆ ఒత్తిడికి తెలిసిన నొప్పి రోగికి రోజూ పరిచయమైన నొప్పేనా అని అడగడం పరీక్షలో ముఖ్యమైన భాగం. వేలికి ఈ అంచనా అలవాటు కావడానికి వంటింట్లో ఉండే చిన్న తూకం యంత్రాన్ని బల్లమీద పెట్టి, చూపుడువేలి మెత్తతో నొక్కి, ముల్లు ఒక కిలో దగ్గర నిలిచేదాకా సాధన చేయవచ్చు. చేసి చూసినవారికి ఒక కిలో తాము అనుకున్నదానికంటే మృదువుగా ఉండడం ఆశ్చర్యం కలిగిస్తుంది. ఇంటిదగ్గర చేసుకునే మర్దనకు ఇది గరిష్ఠ హద్దుగా పెట్టుకుంటే చాలు.

మర్దనకు ముందు గోరువెచ్చని నీటిలో ముంచి పిండిన తువ్వాలును రెండు చెంపలకూ పది, పదిహేను నిమిషాలు ఆనించడం మంచిది. తరువాత కూర్చుని, వెన్ను ఆనుకుని, వేళ్లను చెంప ఎముకకు కిందుగా పెట్టి ఒక్కసారి పళ్లు బిగిస్తే నమిలే కండరం ఉబ్బి చేతికి తగులుతుంది. చోటు తెలిసింది కాబట్టి బిగింపు వదిలి, కింది దవడను తనంత తాను వేలాడనివ్వాలి. పెదవులు మూసి ఉన్నా పళ్లు తగలకూడదు. వేళ్ల మెత్తలతో చెంప ఎముక నుంచి దవడ మూల దాకా చర్మం మీద జారకుండా, చర్మంతో పాటు కండరం కదిలేలా నెమ్మదిగా కిందికి దింపాలి. ఏదో ఒక చోట పరిచయమైన నొప్పి తగిలితే అక్కడ ఆగి, అర నిమిషం సేపు కదలకుండా నొక్కి ఉంచి, ఊపిరి దీర్ఘంగా వదులుతుండగా సలుపు మెత్తబడుతుందేమో గమనించాలి. పదికి మూడు, నాలుగు పాళ్లు మించిన నొప్పి కలిగిస్తే కండరం ఎదురు తిరిగి మరింత బిగుస్తుంది కాబట్టి అంతవరకు పోకూడదు.

కణత కండరానికి నాలుగు వేళ్లను ఎడంగా పరిచి చెవి పైభాగం నుంచి నుదుటి అంచు దాకా చిన్న చిన్న వలయాలుగా తిప్పడం సరిపోతుంది. తలంటులో పెద్దవాళ్ల చేతులు సహజంగా ఆగే చోటు ఇదే. నమిలే కండరం లోతు పొరలకు బయటి ఒత్తిడి చేరనప్పుడు, గోళ్లు తీసి శుభ్రంగా కడిగిన బొటనవేలిని చెంప లోపలి వైపు, చూపుడువేలిని బయటి వైపు పెట్టి ఆ మందాన్ని రెండు వేళ్ల మధ్య పట్టి నెమ్మదిగా ఒత్తుతారు. దీనిని మొదట ఫిజియోథెరపిస్టు దగ్గరో, ఈ విషయంలో శిక్షణ ఉన్న దంతవైద్యుని దగ్గరో చేయించుకుని నేర్చుకోవాలి. కీలు దగ్గరి చిన్న కండరాన్ని నోటి లోపలి నుంచి వేలితో అందుకోవచ్చని కొందరు చెబుతారు గానీ, అక్కడ వేలు నిజంగా ఆ కండరాన్ని తాకుతుందా అన్నది శరీరనిర్మాణ పరిశోధనల్లోనే అనుమానాస్పదం. ఇంట్లో ఎవరూ ఆ ప్రయత్నం చేయకపోవడమే క్షేమం.

మెడ పైభాగం, పుర్రె అడుగున ఉండే కండరాలను కూడా నిమరడం చాలామందికి హాయినిస్తుంది. మెడ నాడులు, త్రిధార నాడి మెదడు కాండంలో కలిసే సంగతి పైన చెప్పినదే. మెడ ముందు పక్క, గొంతుకు ఇరువైపులా మెదడుకు రక్తం తీసుకుపోయే ధమనులు కొట్టుకుంటూ ఉంటాయి కాబట్టి అక్కడ నొక్కరాదు. క్షౌరశాలల్లో తల మాలీష్ చివర గడ్డం పట్టి మెడను ఒక్కసారిగా టక్కుమనిపించే అలవాటు దవడ నొప్పి ఉన్నవారికి రెండు విధాలా ప్రమాదం: దవడ కీలు మీద అనుకోని లాగుడు పడుతుంది, మెడ ధమని పొర చీలి పక్షవాతం వచ్చే ముప్పు, అరుదైనదే అయినా, ఉంది.

ఇదంతా కలిపి ఐదు నుంచి పది నిమిషాలకు మించనవసరం లేదు. మరునాడు కాస్త నలిగినట్టు ఉండడం మామూలే. రెండో రోజుకు కూడా నొప్పి పెరిగే ఉంటే చేయి బరువెక్కిందని అర్థం.

మిగిలిన రోజంతా

మర్దన ముగియగానే నాలుక కొనను ముందరి పైపళ్ల వెనుక, న అనే అక్షరం పలికేటప్పుడు అది ఆనే చోట నిలిపి, అక్కడి నుంచి నాలుక జారనంత మేరకే నోరు తెరిచి మూయడం మంచి అభ్యాసం. నాలుక అంగిలికి ఆని ఉంటే దవడ ముందుకు జారకుండా తొలి సగం కదలిక మాత్రమే జరిగి, కీలుకు శ్రమ తగ్గుతుంది. నాలుక ఆ స్థానంలో ఉన్నప్పుడు పళ్లు బిగించడం కూడా కష్టమే. పెదవులు కలిసి, పళ్లు విడివిడిగా అన్న ఈ భంగిమను రోజులో ఎంత ఎక్కువసార్లు గుర్తు చేసుకుంటే బిగింపు అలవాటు అంత వేగంగా బలహీనపడుతుంది. గోడ గడియారం మీదో, కంప్యూటర్ అంచు మీదో చిన్న రంగు కాగితం అంటించి, అది కనబడినప్పుడల్లా దవడను చూసుకోమని చికిత్సకులు చెబుతారు. నొప్పి ఎక్కువగా ఉన్న రోజుల్లో జంతికలు, చెరకు ముక్కలు, చూయింగ్ గమ్ మానడం, ఆవలింత వచ్చినప్పుడు పిడికిలితో గడ్డాన్ని కింది నుంచి ఆపడం చిన్న పనులే అయినా వాటి ఫలితం పెద్దది.

మూడు నెలలకు పైబడి పట్టుకున్న దవడ నొప్పికి ఏ చికిత్స మేలన్న దాని మీద 2023 డిసెంబరులో బీఎంజే అనే వైద్యపత్రిక అంతర్జాతీయ మార్గదర్శకాలు ప్రచురించింది. ఆలోచనా ధోరణిని, భయాన్ని సరిచేసే మనోవైద్య పద్ధతి, చికిత్సకుడు చేతితో కీలును కదిలించడం, నొప్పి బిందువుల మీద చేతి మర్దన, పర్యవేక్షణలో చేసే దవడ, భంగిమ వ్యాయామాలు, ఇంటి అభ్యాసాలతో పాటు రోగికి విషయం వివరించి ధైర్యం చెప్పడం అనేవాటిని అది గట్టిగా సిఫారసు చేసింది. నిద్రలో పళ్లకు తొడుక్కునే, ఎక్కువగా అమ్ముడయ్యే నైట్ గార్డులను, బొటాక్స్ సూదిమందును నొప్పి తగ్గించే ఉద్దేశంతో వాడకపోవడమే మేలన్న వైపు మొగ్గింది. పళ్ల అరుగుదల ఆపడానికి గార్డు వాడడం వేరే విషయం. ఖరీదైన పరికరాలకంటే చేతికీ, మాటకూ, రోజువారీ అభ్యాసానికీ ఎక్కువ బలం ఉందని ఇంత నిర్మొహమాటంగా తేల్చిన వైద్య పత్రాలు అరుదు. మన పట్టణాల్లో దవడ నొప్పితో వెళ్లినవారికి మొదట ఎక్స్‌రే, తరువాత గార్డు చేతికి వచ్చి, ఫిజియోథెరపిస్టు పేరు చిట్టచివర వినబడడం విచారకరం. ఆ వరుస తలకిందులు కావలసిన అవసరం ఉంది.

మర్దనకు లొంగని నొప్పులు

దవడ దగ్గర తెలిసే నొప్పి అంతా కండరానిది కాదు. నడుస్తున్నప్పుడో మెట్లెక్కుతున్నప్పుడో మొదలై, ఆగితే తగ్గే దవడ నొప్పి, ముఖ్యంగా చెమటతో, ఆయాసంతో, ఎడమ చేతి లాగుడుతో వచ్చేది గుండెకు సంబంధించినది కావచ్చు. అది చెంప నిమురుకుంటూ కూర్చోవలసిన సమయం కాదు. గాయమైన కొన్నాళ్లకు దవడలు బిగుసుకుపోతే ధనుర్వాతాన్ని అనుమానించాలి. జ్వరం, చెంప వాపు, జ్ఞానదంతం చుట్టూ చీము ఉంటే మర్దన ఇన్ఫెక్షన్‌ను ఇంకా వ్యాపింపజేయవచ్చు. యాభై దాటినవారిలో కొత్తగా కణతల దగ్గర నొప్పి పుట్టి, నాలుగు ముద్దలు నమలగానే దవడ అలసిపోయి, చూపు మసకబారితే కణత ధమని వాపు అయి ఉండవచ్చు. ఆలస్యమైతే చూపు పోతుంది. అంతకుముందు చప్పుడు చేసే కీలు అకస్మాత్తుగా చప్పుడు మాని, నోరు రెండు వేళ్లకు మించి తెరుచుకోకపోతే బిళ్ల అడ్డం పడి ఉంటుంది; దానిని రోజుల వ్యవధిలోనే చూపించుకోవాలి.

పెద్దగా ఆవలించాక నోరు మూతపడకుండా నిలిచిపోవడం ఇంకొక స్థితి. కీలు గట్టు దాటి ముందుకు పడిపోవడమే దానికి కారణం. దీనిని చేత్తో సరిచేసే పద్ధతి వైద్యచరిత్రలో అతి ప్రాచీనమైన వాటిలో ఒకటి. క్రీస్తుపూర్వం 1600 ప్రాంతంలో ఈజిప్టులో రాసిన, ఇప్పుడు ఎడ్విన్ స్మిత్ పేరుతో పిలిచే పపైరస్ చుట్టలో బొటనవేళ్లు నోటి లోపల, మిగతా వేళ్లు గడ్డం కింద పెట్టి దవడను వెనక్కి పంపే విధానం ఉంది. సుశ్రుతసంహిత కూడా తప్పిన దవడకు ముందు కాపడం పెట్టి, స్థానంలో కూర్చోబెట్టి, కట్టు కట్టమంటుంది. నేటి అత్యవసర విభాగాల్లో వైద్యులు చేసేది దాదాపు ఆ ఈజిప్టు పద్ధతే. ఇది శిక్షణ పొందిన చేతి పని. ఇంట్లోవారు బలవంతంగా మూయబోతే ఎముక విరిగే ప్రమాదం ఉంది.

తెలుగు రాష్ట్రాల్లో వీటన్నిటికంటే ఎక్కువగా తప్పుదారి పట్టించేది మరొకటి. గుట్కా, పాన్ మసాలా, వక్కపొడి ఏళ్ల తరబడి నమిలినవారిలో చెంపల లోపలి పొర కింద పీచులాంటి గట్టి కణజాలం పెరిగి, నోరు ఏటికేడు కొంచెం కొంచెంగా మూసుకుపోతుంది. వీరు కూడా దవడ పట్టేసిందనే చెబుతారు, నూనె రాసి రుద్దుకుంటారు. తేడా తెలుసుకోవడం కష్టమేమీ కాదు: కండరాల బాధలో చెంప లోపలి చర్మం మెత్తగా, గులాబి రంగులో ఉంటుంది, నొక్కితే సలుపు తెలుస్తుంది. ఈ రోగంలో చెంప లోపల పాలిపోయి, వేలికి తాళ్లలాంటి పట్టీలు తగులుతాయి. సలుపు అంతగా లేకపోయినా కారం తగిలితే నోరు భగ్గున మండుతుంది. కారపు ముద్ద మండడంతో మజ్జిగన్నానికి మారినవారిని దవడ నొప్పి రోగులుగా చూడకుండా ముందు నోటిలోకి టార్చి వేసి చూడడం ప్రతి వైద్యుని కనీస బాధ్యత. సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అనే ఈ స్థితి కొందరిలో నోటి క్యాన్సర్‌గా మారుతుంది. వక్క మానడంతోనే దీని చికిత్స మొదలవుతుంది, ఆపైన దంతవైద్య కళాశాల ఆసుపత్రిలో క్రమం తప్పని పరీక్షలు సాగాలి.